కూర చేదుగా ఉందా?

లొట్టపీసు, తూటికూర ఒకే కుటుంబం. రెంటినీ పక్కపక్కన పెడితే ఆ సంగతి తెలియడానికి చదువు అక్కర్లేదు. రెంటి కాడా లోపల బోలే. గిల్లితే రెంటికీ పాలు కారతాయి. పొద్దున్నే గరాటులాంటి పువ్వు విప్పి ఎండెక్కేసరికి వాల్చేయడం ఇద్దరికీ ఒకటే అలవాటు. తేడా ఎక్కడంటే, తూటికూర నీళ్ళ మీద పాకుతుంది, దాన్ని మనం పులుసు పెట్టుకుంటాం. లొట్టపీసు గట్ల మీద నిలబడుతుంది, దాన్ని ఆకలితో చచ్చే మేక తప్ప ఎవరూ ముట్టరు.

ఈ నాలుగు ముక్కలూ మా అక్క తన ఐదో తరగతి చదువుతోనే చెప్పగలదు. నేను అవే ముక్కల మీద ఆరేళ్ళు పనిచేసి డాక్టరేటు తెచ్చుకున్నాను. కొత్త గుర్తింపు కార్డు మీద ‘డాక్టర్ మందాకిని’ అని చూపిస్తే అక్క దాన్ని అటూ ఇటూ తిప్పి, "అయితే మందులిత్తావా?" అని అడిగింది. మందులివ్వలేదు. నేనిచ్చింది వేరు.

మా పరిశోధన కేంద్రం కొల్లేరు అంచున ఉంది. వేసవిలో సముద్రం నీరు ఉప్పుటేరు మీదుగా ఎగదన్నడం ఏటికేడాది పెరిగింది. లంక ఊళ్ళలో తోటకూర, బచ్చలి ముందే పోయాయి. నీళ్ళలో దానంతటదే పెరిగే తూటికూర కూడా ఉప్పు తగిలి కుళ్ళడం మొదలయ్యాక ఆ ఊళ్ళ కంచాల్లో పచ్చటి వస్తువే లేకుండా పోయింది. బాలింతలకు రక్తం పట్టడం లేదని నర్సులు మొత్తుకునేవారు. గట్ల మీద లొట్టపీసు మాత్రం ఆ ఉప్పునీళ్ళలోనే కాళ్ళు పెట్టుకుని, ఊదారంగు పూలు పూస్తూ నిక్షేపంగా ఉంది.

"ఒకే తల్లి పిల్లలమ్మా. ఒకదానికి బతకడం వచ్చింది, రెండోదానికి రాలేదు. ఎందుకో కనుక్కో," అని మా పెద్ద శాస్త్రవేత్త డాక్టర్ అచలపతి గారు నాకు ఆ పని అప్పగించారు.

ఇద్దరం కలిసి కనుక్కున్నాం. లొట్టపీసులో లొట్టపీసు ఒక్కటే లేదు. దాని లోపల కంటికి కనబడని బూజు ఒకటి కాపురం ఉంటుంది. కాడ విరిచి నాటితే కాడతోపాటు, విత్తనం పడితే విత్తనంతోపాటు అదీ వెళుతుంది. విషం తయారుచేసేది ఆ బూజే. ఉప్పును తట్టుకునే శక్తి ఇచ్చేది కూడా ఆ బూజేనని తేలిన రోజు అచలపతి గారు కేంద్రంలో అందరికీ బొబ్బట్లు పంచారు. మేం ఆ బూజుకు ‘చుట్టం’ అని పేరు పెట్టుకున్నాం. తూటికూర ఇంట్లో ఏ చుట్టమూ లేడు. ఈ చుట్టం చేత విషం చేసే విద్య మరిపించి, తీసుకెళ్ళి ఆ ఇంట్లో దింపాలి. అదీ మా ఆలోచన. నాలుగేళ్ళు పట్టింది. వచ్చిన తీగకు ఉప్పుతూటి అని పేరు పెట్టాం.

అసలు విషం ఏం చేస్తుందో తెలుసుకోవడానికి మొదట్లో రెండు దొడ్లలో మేకల్ని పెంచాం. ఒక దొడ్లో మామూలు తూటికూర, ఇంకో దొడ్లో లొట్టపీసు. లొట్టపీసు దొడ్లో మేకలు మొదట ముట్టలేదు. వేరే మేత లేక తిన్నాయి. నెల తిరిగేసరికి దాని కోసం ఒకదాన్నొకటి కుమ్ముకున్నాయి. మూడో నెలకు వాటి కాళ్ళు వణికాయి, తలలు ఊగాయి. ఐదో నంబరు మేక పొద్దస్తమానం తల ఊపుతుంటే దానికి గంగిరెద్దు అని పేరు పెట్టి నవ్వుకున్నాం. మేత మాన్పించాక కొన్ని తేరుకున్నాయి. గంగిరెద్దు మాత్రం పచ్చగడ్డి ముందు నిలబడి, కంచెలోంచి మెడ చాచి, గట్టు మీది లొట్టపీసు కోసం అరిచి అరిచి చచ్చిపోయింది. నేను ఆ తేదీ నోటుపుస్తకంలో రాసుకున్నాను.

ఉప్పుతూటి తిన్న మేకలకు ఏమీ కాలేదు. అంతటితో ఆగకుండా అచలపతి గారు ఏడాది పాటు మధ్యాహ్నం భోజనంలో అదే తిన్నారు. మంచి మనిషి. ఎవరికైనా పెట్టే ముందు తను తినాలనే పట్టుదల ఆయనది. అయితే ఆయన తిన్నదీ, మేకలు తిన్నదీ మా కుళాయి నీళ్ళ తొట్టెల్లో పెరిగిన తీగ. అక్కడ చుట్టానికి ఏ కష్టమూ లేదు. ఉప్పు తట్టుకుంటుందా లేదా అన్నది వేరే తొట్టెల్లో చూశాం, బతికింది, సంతోషించాం. ఆ తొట్టెల్లోది ఎవరికీ పెట్టలేదు. ఒక ప్రశ్నకు ఒక తొట్టె, ఇంకో ప్రశ్నకు ఇంకో తొట్టె. మా పద్ధతి అంత శుభ్రంగా ఉండేది.

ఊళ్ళో నాటి చూడాల్సిన సమయం వచ్చింది. మొగలంక అని నేనే చెప్పాను. అది మా అక్క నాంచారమ్మ అత్తగారి ఊరు. నలభై రెండు గడపలు. కేంద్రం వాళ్ళ జీపు చూస్తే అక్కడ ఎవరూ తలుపు తీయరు. అక్క ఇంటింటికీ తిరిగి, "మా సెల్లి తెచ్చిన తీగ. అది సెడ్డది తెత్తదా?" అని చెప్పాక నలభై రెండు గడపలవాళ్ళూ తీగ ముక్కలు తీసుకెళ్ళి తమ రేవుల్లో వదులుకున్నారు.

మా అక్క వలలు అల్లుతుంది. ఆ చుట్టుపక్కల వల కన్నులు అంత సమంగా వేసేవాళ్ళు లేరని చెప్పుకుంటారు. కొలబద్ద అక్కర్లేదు, వేలితోనే కొలుస్తుంది. మా అమ్మ పోయాక నన్ను హాస్టల్లో ఉంచి చదివించింది ఆ వేళ్ళే. ఆ మాట నేనెప్పుడూ దానితో అనలేదు, అంటే తిడుతుంది.

ఇక ఫారం సంగతి చెప్పాలి. మా బూజు విషం మళ్ళీ చేయడం మొదలుపెడితే తెలిసే గుర్తు ఒకటుంది. విషంతోపాటు ఆకుకు చేదు వస్తుంది. ఆకుల్ని పరీక్షకు హైదరాబాదు పంపడం ఆరు నెలలకోసారి. మధ్యలో కాపలా ఎవరు కాస్తారు? నాలుక కాస్తుంది. అందుకని పదిహేను రోజులకోసారి ఇంటింటా అడగాల్సిన ఇరవై మూడు ప్రశ్నలు అచలపతి గారు ఇంగ్లీషులో రాశారు. వాటిని తెలుగు చేసింది నేను. పదకొండో ప్రశ్న ఆకు చేదు గురించి.

"‘ఆకు చేదుగా ఉందా’ అని రాస్తే సరిపోతుంది గదా," అన్నారాయన.

"అలా వద్దండి. అక్కడ ఆకంటే తమలపాకు, లేకపోతే పొగాకు. నవ్వుతారు. కూర అనాలి," అన్నాను.

ఆయనది నగరం. నాది ఆ నీళ్ళే. నాకు తెలిసినట్టు ఆయనకు తెలియదని నాకెంత గర్వమో. ‘కూర చేదుగా ఉందా? అవును / లేదు’ అని రాసి అచ్చుకిచ్చాను. ఆయన నా భుజం తట్టారు.

ఉప్పుతూటి మొగలంకలో విరగబడి పెరిగింది. నలభై రెండు ఇళ్ళవాళ్ళూ పదిహేను రోజులకోసారి పదకొండో ప్రశ్నకు లేదు అన్నారు. నాలుగు నెలలయ్యేసరికి ఇంకో మాట కూడా అనడం మొదలుపెట్టారు. ఈ కూర లేకపోతే ముద్ద దిగడం లేదని. పెళ్ళికి పక్కూరు వెళ్ళినవాళ్ళు దీని కోసం భోజనాలు కాగానే వచ్చేశారని. ఆ మాటల్ని ఏ గడిలో రాయాలో తెలియక ‘ఆదరణ’ అనే గడిలో పదికి పది వేశాను. ఆ అంకెలు చూసి అచలపతి గారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. మేకలు ఒకదాన్నొకటి కుమ్ముకున్న సంగతి ఆయనకూ గుర్తు రాలేదు, నాకూ గుర్తు రాలేదు.

ఫారాలు నేనే ఇంటింటికీ తిరిగి నింపేదాన్ని. ఐదో నెలలో ఒకరోజు మధ్యాహ్నం వెళితే అక్క కంచం పెట్టింది. కుండలో తూటికూర పులుసు.

"కూర చేదుగా ఉందా?" అని అడిగాను, ఫారం ఒళ్ళో పెట్టుకుని.

"నువ్వే తిని సెప్పు," అంది.

తిన్నాను. పుల్లగా, తియ్యగా, కమ్మగా ఉంది. మారు వడ్డించుకుని మరీ తిన్నాను. ఎడమచేత్తో ‘లేదు’ మీద టిక్కు పెట్టాను. ఆ కాయితం మీద పులుసు మరక ఇప్పటికీ ఉంది.

ఆరో నెలలో మా బావ ఏడుకొండలు దగ్గర నుంచి ఫోను వచ్చింది. ఎప్పుడూ ఫోను చేయని మనిషి.

"మీ అక్క అల్లిన వల వెనక్కొచ్చేసిందమ్మా. కన్నులన్నీ వంకరంట. ఒకటి పెద్దది, ఒకటి సిన్నది. సూపు తగ్గిందేమో, నువ్వొకపాలి తీసుకెళ్ళి సూపించు."

తీసుకెళ్ళాను. దగ్గరి చూపుకు అద్దాలిచ్చారు. అక్క అద్దాలు పెట్టుకుని ఇంటికొచ్చి, సూదికి నూలు ఎక్కించబోతే మూడుసార్లు తప్పింది. "కొత్తవి గదా, అలవాటవ్వాల," అని తనే సర్దిచెప్పుకుంది. చూపు కాదు, చేయి వణుకుతోందని పక్కన కూర్చున్న నాకు తట్టలేదు. నేను డాక్టరేటుదాన్ని.

నెలన్నర తర్వాత మళ్ళీ వెళ్ళాను, ఆ మధ్య ఫారాలు కేంద్రం కుర్రాళ్ళు నింపుకొచ్చారు. హైదరాబాదుకు పంపడానికి రెండో విడత నమూనాలు కోసుకోవాలి, మొదటి విడత నాటిన కొత్తల్లో కోసింది, అందులో ఏ విషమూ లేదు. అక్క గడప మీద కూర్చుని ఉంది. ఒళ్ళో వల ఉంది గాని అల్లడం లేదు. నేను ఎదురుగా కూర్చుని కబుర్లు చెబుతున్నాను, మిగతా లంకలకు కూడా తీగ ఇవ్వబోతున్నారని, మొగలంక పేరు పత్రికల్లో పడుతుందని. అక్క తల ఊపుతోంది. నా మాటలకు ఊఁ కొడుతోందనుకుని ఇంకా చెప్పాను. చెప్పడం ఆపాను. తల ఆగలేదు.

ఆ ఊపు నాకు తెలుసు. దానికి పేరు పెట్టి నవ్విందాన్ని నేనే.

"అక్కా, నీ తల ఊగుతోంది."

"నాకొక్కదానికేనా? రేవు కాడ సూడు, సగం మందికి ఊగుతుంది. గాలి దోసమంట."

లేచి రేవులోకి పరుగెత్తాను. ఉప్పుతూటి చిగురు తుంచి పచ్చిదే నోట్లో పెట్టుకున్నాను. కాకరకాయ నయం. ఉమ్మేసినా నాలుక మీద నుంచి పోలేదు. తడికాళ్ళతోనే వెనక్కి వచ్చి అక్క మీద అరిచాను. జన్మలో మొదటిసారి అరిచాను.

"ఇంత చేదు పెట్టుకుని, అడిగినప్పుడల్లా కూర చేదు లేదన్నావేంటి?"

అక్క తెల్లబోయింది.

"కూర సేదు లేదు గదే. నువ్వూ తిన్నావు గదా. ఆకు సేదొచ్చి నాలుగు నెలలయింది. ఉప్పేసి పిసికి, పసరు పిండేసి, సింతపండు పులుసులో ఇంత బెల్లం ముక్కేత్తే ఏ సేదు నిలబడతది? కాకరకాయ ఒండుకోమా? ఊళ్ళో అందరం అట్టాగే సేత్తన్నాం."

"ఆకు చేదని నాకు చెప్పొచ్చు కదే."

"నువ్వు కూర సేదా అని అడిగేవు. ఆకు సేదా అని అడగలేదు గదా," అంది. తర్వాత నా మొహం చూసి భయపడి, "సేదు ఒంటికి మంచిదే గదమ్మా. కడుపులో పురుగులు సత్తాయి," అని మెల్లగా అంది.

నలభై రెండు ఇళ్ళల్లో, నాలుగు నెలలు, ఒక్క ఆడమనిషీ అబద్ధం చెప్పలేదు. వంటింట్లో పుట్టి పెరిగిన ఎవరికైనా కూరంటే గంపలోదీ కూరే, కుండలోదీ కూరే. ఏది అడుగుతున్నానో నేను చెప్పలేదు. వాళ్ళు తాము వండినదాని గురించి చెప్పారు. ఎదురుగా ఫారం పట్టుకుని కూర్చున్న నేను వాళ్ళ వంటకు వంక పెడుతున్నాననుకుని, మరికాస్త బెల్లం వేశారు.

మర్నాటి నుంచి ఉప్పుతూటిని నీళ్ళలోంచి లాగి, ఎండబెట్టి తగలబెట్టాం. హైదరాబాదు ఫలితం పది రోజులకు వచ్చింది. ఉప్పు ఒక హద్దు దాటేసరికి మా చుట్టానికి పాత విద్య గుర్తొచ్చింది. ఒక దారి మేం మూసేశాం, బతకడానికి అది ఇంకో దారి వెతుక్కుంది. అచలపతి గారు ఆ కాయితం చదివి, మధ్యాహ్నం భోజనం డబ్బా తీసుకుని తొట్టెల దగ్గరికి వెళ్ళి చాలాసేపు కూర్చున్నారు. ఆయన చేతులు వణకడం లేదు. నాకు ఆయన మీద ఒళ్ళు మండింది, అంతలోనే జాలేసింది.

విచారణకు ఐదుగురు వచ్చారు. అచలపతి గారు చెప్పిన ప్రతిదానికీ తలలూపారు. గంగిరెద్దులా అందామనుకున్నాను గాని, ఇక ఆ మాట నా నోట రాదు. ఆయన రాసిన నివేదికలో ఒక వాక్యం ఉంది: ‘ఆకు చేదెక్కిన విషయాన్ని గ్రామ మహిళలు నాలుగు నెలలపాటు తెలియజేయలేదు.’ అందులో అబద్ధం లేదు. ఫారంలో నేను వద్దన్న ‘ఆకు’ అనే మాట నివేదికలో మాత్రం సరిగ్గా పడింది.

"సంతకం పెట్టమ్మా. నీ మీదకు రాకుండా రాశాను," అన్నారు అచలపతి గారు.

"వాళ్ళ మీదకు వస్తుంది కదండీ."

"వాళ్ళకేమవుతుంది? ఎవరూ ఏమీ చేయరు."

నిజమే, ఎవరూ ఏమీ చేయరు. ‘ప్రశ్న తప్పు. రాసింది నేను’ అని వేరే కాయితం మీద రాసిచ్చాను. దాన్ని అనుబంధంలో చేర్చారని విన్నాను. నివేదిక నా సంతకం లేకుండానే వెళ్ళిపోయింది. నేను సెలవు పెట్టి మొగలంక వచ్చేశాను.

తీగ తీసేసిన రెండు నెలలకు ఊళ్ళో చాలామందికి వణుకు తగ్గింది. మేకలు తేరుకున్నట్టే తేరుకుంటున్నారు. అక్కకు తగ్గలేదు, పైగా ముదిరింది. ఊరందరికంటే నమ్మకంగా, రెండు పూటలా తిన్నది అక్కే కదా, చెల్లి తెచ్చిన తీగ అని. అలాగే సరిపెట్టుకున్నాను. కాని వారం క్రితం వంటింట్లో చింతపండు పులుసు వాసన వచ్చింది. కుండ మూత తీశాను. తూటికూరలాగే ఉంది. ఉడికాక రెండూ ఒకేలా ఉంటాయి. పొయ్యి పక్కన పడున్న కాడలు చూసి గుర్తుపట్టాను. లావుగా ఉన్నాయి. లొట్టపీసు.

"ఎన్నాళ్ళ నుంచే?"

"ఆ తీగ పీకేసినకాడి నుంచి," అంది అక్క. "పచ్చిది కొరికి సూశాను. అదే సేదు. ఆ తీగలో ఉన్నోడే ఇందులోనూ ఉన్నాడు గదా, నువ్వే సెప్పేవు. నాకు అది లేకపోతే పానం ఆగట్లేదే, మందా. తిట్టమాక."

తిట్టలేదు. ఆరేళ్ళు కష్టపడి ఆ రెండు మొక్కలకూ తేడా ఏమిటో నేను రాశాను. ఆ తేడా మా అక్క నాలుక మీద నుంచి నేనే తుడిచేశాను. కుండ తీసుకెళ్ళి పెరట్లో పారబోశాను. అక్క గోడకు తల ఆనించి, చిన్నపిల్ల ఏడ్చినట్టు ఏడ్చింది. మా బావ చూడలేక వల భుజాన వేసుకుని పడవ దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచి తెల్లారగానే కత్తి తీసుకుని గట్టు మీది లొట్టపీసు నరుకుతున్నాను. ఈ ఇంటి నుంచి అక్క నడవగలిగినంత దూరం నరకాలని నా లెక్క. ఎక్కువ దూరం నడవలేదు ఇప్పుడు. ఇవాళ పొద్దున చూస్తే మొదటి రోజు నరికి బురదలో పారేసిన ముక్కలన్నీ చిగురు వేశాయి. కాడ విరిచి ఎక్కడ పడేసినా బతుకుతుందని నా పుస్తకంలో నేనే రాశాను.

వెనక్కి వచ్చేసరికి అక్క గడప మీద కూర్చుని ఉంది. వణుకు కనబడకుండా చేతులు రెండూ తొడల కింద పెట్టుకుంది. తల దాని మానాన అది ఊగుతోంది.

"ఎన్ని నరుకుతావే? కొల్లేరంతా అదే," అంది.

"ఉన్నన్నీ."

కాసేపు గట్టు వైపు చూసింది. తర్వాత నా వైపు తిరిగి, రోజూ అడిగినట్టే అడిగింది.

"మరి ఇయ్యాల కూరేటే?"

కత్తి చూరులో దోపి వంటింట్లోకి వెళ్ళాను. చింతపండు ఉంది. బెల్లం ఉంది. కూర లేదు.